ఫోను పక్క గదిలో పెట్టినప్పుడు



మా మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి ఏదైనా పెద్ద విషయం తీసుకోమని మిత్రులు సలహా ఇచ్చారు. చైతన్యం, కృత్రిమ మేధ, అలాంటివి. కాని మాస్టారు జీవితమంతా చెప్పింది ప్రయోగ మనోవిజ్ఞానం. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించే పెట్టె, మెమరీ డ్రమ్ము, ముల్లర్-లయర్ గీతలు, ఒక స్టాప్‌వాచీ. రికార్డు పుస్తకంలో ‘ఉద్దేశం’ అన్న చోట రెండు వాక్యాలు దాటితే మూడోదాన్ని ఎర్ర సిరాతో కొట్టేసేవారు. అందుకని ఆయన ఒప్పుకునే కొలతలోనే విషయం ఎంచుకున్నాను. ఎం.ఎ. రెండో ఏడాది విద్యార్థి ఒకరున్నారనుకోండి. చేతిలో ఒక్క సెమిస్టరు. డబ్బు లేదు, గైడుకు తీరిక లేదు. స్మార్ట్‌ఫోన్ వ్యసనం చదువుకునే బుర్రను ఏం చేస్తుందో తేల్చాలని ఆ విద్యార్థికి ఉత్సాహంగా ఉంది. ఆ ప్రాజెక్టును ఎలా రూపొందించాలి? ఈ సాయంత్రం ఇంతే.

ఆ ప్రాజెక్టు మీరు ఎరగనిది కాదు. సైకాలజీ విభాగంలో బీరువా తెరిస్తే నల్ల అట్టల బైండింగుల మధ్య కనిపిస్తూనే ఉంటుంది: ‘కళాశాల విద్యార్థుల్లో స్మార్ట్‌ఫోన్ వ్యసనం, మేధా సామర్థ్యంపై దాని ప్రభావం’. పద్ధతి కూడా దాదాపు ఒకటే. ఒక ప్రశ్నావళిని గూగుల్ ఫారంలోకి ఎక్కించి, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ తగిలిస్తారు. ఫోను ఎక్కువ వాడేవాళ్ల మీద అధ్యయనానికి, ఫోనులో వచ్చిన ఫారాన్ని ఫోనులోనే నింపినవాళ్లు శాంపిల్. ఫోను ఎక్కడో పడేసి నిద్రపోయినవాడు, ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్న అమ్మాయి, కీప్యాడ్ ఫోనుతో నెట్టుకొచ్చే కుర్రాడు లెక్కలోకే రారు.

శాంపిల్ సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. అసలు చిక్కు ‘వ్యసనం’ అన్నచోట మొదలవుతుంది.

1995లో న్యూయార్కు మానసిక వైద్యుడు ఇవాన్ గోల్డ్‌బర్గ్ ‘ఇంటర్నెట్ వ్యసన రుగ్మత’ పేరుతో ఒక లక్షణాల పట్టిక రాశాడు. ప్రతి అలవాటుకూ ఒక రోగం పేరు తగిలించే తన వృత్తివాళ్ల మీద వేసిన జోకు అది. చదివినవాళ్లలో కొందరు తమకు ఆ జబ్బు ఉందని నిజంగానే నమ్మారు. అదే దశకంలో కింబర్లీ యంగ్ జూద వ్యసనానికి ఉన్న ప్రమాణాలను మార్చి ఇంటర్నెట్ వాడకానికి ప్రశ్నావళి తయారుచేసింది. తర్వాత వచ్చిన ఫోను ప్రశ్నావళుల్లో చాలావాటిది ఆ వంశమే. ఇక అధికారిక జాబితాల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. గేమింగ్ రుగ్మతకు అందులో చోటు దొరికింది. స్మార్ట్‌ఫోన్ వ్యసనానికి దొరకలేదు. అమెరికన్ మానసిక వైద్యుల 2013 నాటి డీఎస్ఎం-5లోనూ అది లేదు.

అంటే బాధ పడేవాళ్లు లేరని చెప్పడం లేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోనూ ఇంటర్నెట్టూ అతిగా వాడేవాళ్ల కోసం 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. అక్కడికి పిల్లలను వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రుల అవస్థ నిజమైనదే. కాని ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇల్లూ చదువూ నిద్రా అన్నీ అడిగి వైద్యుడు తేల్చే మాట వేరు, పది ప్రశ్నల మొత్తం చూసి మనం తేల్చే మాట వేరు.

మన విద్యార్థులు ఎక్కువగా వాడే స్కేలు 2013లో కొరియాలో తయారైంది. పూర్తి రూపంలో 33 అంశాలు, సంక్షిప్త రూపంలో 10. ఒక్కో అంశానికి 1 నుంచి 6 వరకు మార్కులు. సంక్షిప్త రూపానికి అబ్బాయిలకు 31, అమ్మాయిలకు 33 దగ్గర గీత గీశారు, అదీ కొరియా కౌమార విద్యార్థులను చూసి. ఆ గీతను ఉన్నదున్నట్టు తెచ్చి అనంతపురంలోనో కరీంనగర్‌లోనో డిగ్రీ పిల్లల మీద పరిచి, ‘ఇంత శాతం మంది వ్యసనపరులు’ అని రాసేస్తాం. మర్నాడు అది జిల్లా ఎడిషన్‌లో వార్త.

ఇంకో సంగతి ఉంది. చిన్నగా కనిపిస్తుంది కాని ప్రాజెక్టు మొత్తాన్ని కూలగొట్టేది ఇదే. ఆ సంక్షిప్త స్కేలులో, ఫోను వల్ల క్లాసులోనూ పనిలోనూ మనసు నిలవడం కష్టంగా ఉందా అని అడిగే అంశం ఒకటి ఉంది. అనుకున్న పనులు ఫోను వల్ల తప్పిపోతున్నాయా అన్నది మరొకటి. అంటే ఏకాగ్రత తగ్గిందని చెప్పినవారికి వ్యసనం మార్కులు కలుపుతాం. తర్వాత వ్యసనం మార్కులు ఎక్కువున్నవారికి ఏకాగ్రత తక్కువుందని కనుక్కుంటాం. పోటీ పెట్టకముందే బహుమతి ఇచ్చేసినట్టు. మాస్టారు వైవాలో ఇలాంటి చోట ఏమీ అనేవారు కాదు. అంశాల జాబితా విద్యార్థి చేతికిచ్చి పైకి చదవమనేవారు. మూడోదో నాలుగోదో వచ్చేసరికి ఆ విద్యార్థికే గొంతు తగ్గేది.

ఇలాంటి స్కేళ్ల మీద నాకు బాగా నచ్చిన విమర్శ ఒక ప్రశ్నావళి రూపంలోనే వచ్చింది. సోషల్ మీడియా వ్యసనాన్ని కొలిచే పద్ధతినే తీసుకుని, బ్రిటన్ పరిశోధకులు కొందరు ‘స్నేహితుల వ్యసనం’ స్కేలు తయారుచేశారు. మామూలు స్నేహితులు, ఎదురుగా కూర్చుని టీ తాగేవాళ్లు. 2020లో అచ్చైన ఆ అధ్యయనంలో 69 శాతం మంది స్నేహితులకు వ్యసనపడినవాళ్లుగా తేలారు. మన ఇరానీ కేఫుల్లో ఆ ఫారం పంచితే ఎంత వచ్చేదో!

ఫోను ఎంత వాడుతున్నారని నేరుగా అడిగితే? జవాబు దొరుకుతుంది, నమ్మకం దొరకదు. 2015లో శాలీ ఆండ్రూస్ బృందం 23 మంది యువతీయువకుల ఫోన్లలో ఒక యాప్ పెట్టి రెండు వారాలు గమనించింది. వాళ్లు రోజుకు సగటున 85 సార్లు ఫోను వాడారు. ఎన్నిసార్లని అడిగితే చెప్పిన అంచనా 37. అబద్ధం చెప్పారనడానికి లేదు. చెయ్యి జేబులోకి వెళ్లి వచ్చే చిన్న చిన్న తొంగిచూపులు మనిషికి గుర్తుండవు. 2019లో డేవిడ్ ఎల్లిస్ బృందం 238 మంది ఐఫోన్ వాడకందార్ల స్క్రీన్ టైమ్ లెక్కలను రకరకాల వ్యసన స్కేళ్లతో పోల్చి చూసింది. ఆ స్కేళ్లకూ నిజమైన వాడకానికీ సంబంధం బలహీనంగా ఉంది.

కాబట్టి విద్యార్థికి నా మొదటి సలహా: శీర్షికలోంచి వ్యసనాన్ని తీసేయండి. దాని స్థానంలో ఫోను స్వయంగా రాసిపెట్టుకున్న లెక్కను తీసుకోండి. 2018 నుంచి ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఉన్నాయి. రోజుకు ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు ఫోను తీశారు అన్నవి అక్కడ దొరుకుతాయి. వీటికీ లోపాలున్నాయి. యూట్యూబ్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠం విన్న రెండు గంటలూ, రీల్స్ చూసిన రెండు గంటలూ మొత్తంలో ఒకేలా కనిపిస్తాయి. రాపిడో నడిపే కుర్రాడికి మ్యాపు తెర రోజంతా వెలుగుతూనే ఉంటుంది. అయినా ఈ తప్పులు మనకు తెలిసిన తప్పులు, వాటిని రాసుకోవచ్చు.

రెండో చిక్కు ‘ప్రభావం’. ఎక్కువ వాడేవాళ్లకు మార్కులు తక్కువ వచ్చాయనుకోండి. ఫోను వల్ల ఏకాగ్రత పోయిందా, ఏకాగ్రత లేనివాడు ఫోను పట్టుకున్నాడా, నిద్రలేమి రెండింటినీ లాక్కొచ్చిందా? సహసంబంధపు అంకె ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. మన రాష్ట్రాల్లో దీనికి తోడు ఇంకో వల ఉంది. ఇంటర్ రెసిడెన్షియల్ హాస్టళ్లలో చాలాచోట్ల ఫోను నిషేధం. ఫోనున్న డే స్కాలర్లనూ ఫోను లేని హాస్టల్ పిల్లలనూ పోలిస్తే సరిపోతుంది కదా అని ప్రతి బ్యాచిలోనూ ఎవరికో ఒకరికి తోస్తుంది. ఆ హాస్టల్‌లో లేనిది ఫోను ఒక్కటేనా? తెల్లవారుజామున లేపి స్టడీ అవర్లో కూర్చోబెడతారు. వారం వారం పరీక్షలు పెడతారు. అమ్మ చేతి అన్నం ఉండదు, ఆదివారం ఉండదు. బహుళైచ్ఛిక ప్రశ్నలను క్షణాల్లో కొట్టే సాధన మాత్రం దండిగా ఉంటుంది. మన మేధా పరీక్షలు చాలావరకు అదే నైపుణ్యాన్ని అడుగుతాయి. అక్కడ కనిపించే తేడా ఫోనుదో, కోచింగ్‌దో, కోచింగ్‌కు ముందే జరిగిన ఎంపికదో విడదీయలేం. ఆ పిల్లలే బీటెక్‌లో చేరగానే చేతికి ఫోను వస్తుంది కదా, ముందూ తర్వాతా చూద్దాం అంటారు తెలివైనవాళ్లు. ఫోనుతో పాటు కొత్త ఊరు, కొత్త స్వేచ్ఛ, రాత్రి రెండింటి దాకా మేలుకోవడం కూడా వచ్చి పడతాయి.

కారణం తెలియాలంటే ఏదో ఒకదాన్ని మనమే మార్చాలి. ఫోను అలవాటును ఒక సెమిస్టరులో మార్చలేం, మార్చే హక్కూ మనకు లేదు. ఫోను ఎక్కడ ఉందన్నది మాత్రం మార్చగలం.

2017లో ఏడ్రియన్ వార్డ్, క్రిస్టెన్ డ్యూక్, ఆయెలెట్ నీజీ, మార్టెన్ బోస్ అచ్చు వేసిన ప్రయోగం ఇలాంటిదే. విద్యార్థులను చీటీలు వేసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపు ఫోను బల్ల మీద, తెర కిందికి పెట్టి. ఇంకో గుంపుది జేబులోనో బ్యాగులోనో. మూడో గుంపుది బయటి గదిలో. మోతలన్నీ ఆపేశారు. అప్పుడు లెక్కలు చేస్తూ అక్షరాలు గుర్తుపెట్టుకునే పరీక్ష ఒకటి, రేవన్ మాత్రికల్లోంచి కొన్ని బొమ్మలు ఒకటి ఇచ్చారు. ఫోను పక్క గదిలో ఉన్నవాళ్లు బల్ల మీద ఉన్నవాళ్ల కంటే మెరుగ్గా చేశారు. మోగకపోయినా, ముట్టుకోకపోయినా ఫోను అక్కడ ఉండటమే బుర్రలో కొంత చోటు తినేస్తుందని వాళ్ల వాదం. ఈ ప్రయోగం ప్రపంచమంతా పాకింది. ప్రిన్సిపాళ్లు సర్క్యులర్లలో ఉదహరించారు.

ఐదేళ్ల తర్వాత, 2022లో, కెనడాలో రూయిజ్ పార్డో, జాన్ పాల్ మిండా అదే ప్రయోగాన్ని మళ్లీ చేశారు. ఆ తేడా వాళ్లకు కనిపించలేదు. తర్వాతి అధ్యయనాల్లోనూ కొందరికి దొరికింది, కొందరికి దొరకలేదు. ఒక ఎం.ఎ. విద్యార్థికి ఇంతకంటే మంచి తరుణం ఉండదంటాను. పెద్ద ప్రశ్న, చవకైన పద్ధతి, తేలని జవాబు. కావలసింది రెండు గదులు, ఒక బల్ల, కొన్ని కాగితాలు. విభాగంలో కంప్యూటర్లుంటే ప్రయోగం నడిపే సైకోపై సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. విశ్లేషణకు జాస్ప్ కూడా ఉచితమే.

ఏ పరీక్ష పెట్టాలన్న దగ్గర కాస్త ఆగాలి. రాసిన రంగు పేరు ఒకటి, సిరా రంగు వేరొకటి అయితే జవాబు ఆలస్యమవుతుందని చూపే స్ట్రూప్ పరీక్ష అందరికీ ముద్దు, 1935 నుంచి ఎవరు చేసినా ఆ తేడా వస్తుంది. 2018లో క్రెయిగ్ హెడ్జ్ బృందం ఒక తిరకాసు చూపించింది. ప్రతివాళ్లలోనూ తప్పక కనిపించే తేడా మనిషికీ మనిషికీ మధ్య పెద్దగా మారదు. అందుకే అలాంటి పరీక్షలు గుంపులను పోల్చే ప్రయోగానికి బాగుంటాయి, వ్యక్తులను వరసలో నిలబెట్టి ఫోను వాడకంతో ముడిపెట్టడానికి పనికిరావు. బీరువాలోని ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం చేసింది రెండోదే. అంకెలు గుర్తుపెట్టుకునే పరీక్ష వాడితే, ఏ భాషలో చదివి వినిపించాలో ముందే తేల్చుకోవాలి. పలకడానికి ఎక్కువసేపు పట్టే అంకెలు తక్కువ గుర్తుంటాయని 1980లో మరో ఎల్లిస్, హెనెలీ వెల్ష్ మాట్లాడేవాళ్ల మీద చూపించారు. తెలుగు మీడియంలో చదివినవాడైనా ఫోను నంబరు చెప్పేటప్పుడు ‘నైన్ ఎయిట్ ఫోర్’ అనే అంటాడు. సగం మందికి అలా, సగం మందికి ‘తొమ్మిది ఎనిమిది నాలుగు’ అని చదివితే మనం కొలిచేది ఫోనును కాదు.

ఎంతమంది కావాలి? జేకబ్ కోహెన్ లెక్కల ప్రకారం రెండు గుంపుల మధ్య ఒక మోస్తరు తేడాను, అంటే 0.5ను, 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది ఉండాలి. తేడా చిన్నది, 0.2 అనుకుంటే గుంపుకు 390 పైచిలుకు. ఫోను స్థానం వల్ల వచ్చే తేడా ఉంటే గింటే చిన్నదే. గుంపుకు 30 మందితో చేసే ప్రాజెక్టు, నిజంగా తేడా ఉన్నా చాలాసార్లు చూడలేదు. ‘30 దాటితే పెద్ద శాంపిల్’ అన్న సూత్రం మన విభాగాల్లో తరతరాలుగా నడుస్తోంది. దాన్ని ఎవరు మొదలుపెట్టారో కాని పిల్లలకు చాలా శ్రమ తప్పించారు, జవాబును కూడా తప్పించారు. ఒకే విద్యార్థిని రెండు స్థితుల్లోనూ పరీక్షిస్తే మనుషులు తక్కువ చాలు. కాని రెండోసారికి చెయ్యి తిరుగుతుంది కాబట్టి సగం మందికి ముందు బల్ల మీద, మిగతా సగానికి ముందు పక్క గదిలో పెట్టాలి. ప్రశ్నల సెట్లు రెండు, సమానమైన కష్టంతో, ఉండాలి.

పాల్గొనేవాళ్లకు మన ఉద్దేశం తెలిసిపోతే అంతా వృథా. 1962లో మార్టిన్ ఓర్న్ రాసిన సంగతి చెబుతాను. మనుషులు ఏ పని చేయడానికి నిరాకరిస్తారో చూద్దామని, ఒక్కోదానిలో 224 కూడికలున్న కాగితాలు రెండు వేల దాకా ఇచ్చి కూర్చోబెట్టాడు. గంటల తరబడి చేస్తూనే ఉన్నారు. చివరికి ప్రయోగం చేసేవాడే విసిగిపోయాడు. పూర్తి చేసిన ప్రతి కాగితాన్నీ 32 ముక్కలుగా చింపి మళ్లీ మొదలుపెట్టమన్నా చేశారు. ప్రయోగశాలలో మనిషి అంత మంచివాడైపోతాడు. మన పిల్లలు ఇంకా మంచివాళ్లు. సీనియర్ అక్క ప్రాజెక్టు పాడు కాకూడదని, ఫోను బల్ల మీద ఉన్నప్పుడు పాపం కావాలనే కాస్త తడబడతారు. అందుకే బ్యాగు, నీళ్ల సీసా, ఫోను అన్నింటికీ కలిపి ‘ఇది ఇక్కడ, అవి అక్కడ’ అని ఒకే మామూలు సూచనగా చెప్పాలి. మార్కులు దిద్దేవారికి ఏ కాగితం ఏ గుంపుదో తెలియకూడదు. వాడకం లెక్కలు పరీక్ష అయ్యాకే అడగాలి.

ఇలాంటి చాదస్తం మనకు కొత్త కాదు. 1967లో కె. రామకృష్ణారావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ విభాగం నెలకొల్పారు. ఆయన అమెరికాలో జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చినవారు. కార్డు మీది గుర్తును చూడకుండా చెప్పమనే రైన్ ప్రయోగాల్లో కార్డులు 25, గుర్తులు 5, ఊరికే ఊహించినా సగటున 5 తగులుతాయి. అతీంద్రియ శక్తులను నేను నమ్మను. కాని ఆ రంగంలో పనిచేసేవాళ్లు ఎవరూ తమను నమ్మరని తెలుసు కాబట్టి కార్డులు కలపడం, కవర్లు అంటించడం, లెక్క రాసేవారినీ ఊహించేవారినీ వేరు చేయడం దగ్గర మనకంటే జాగ్రత్త నేర్చారు. తమాషా ఏమిటంటే, 2011లో డారిల్ బెమ్ భవిష్యత్తు ముందే తెలుస్తుందని మామూలు సైకాలజీ పద్ధతులతోనే ‘రుజువు’ చేశాక, మన పద్ధతుల మీద మనకే అనుమానం పుట్టింది. 2015లో 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే 36 శాతంలోనే గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితం మళ్లీ వచ్చింది. ఫోనును అనుమానించే విద్యార్థి తన లెక్కను కూడా అలాగే అనుమానించాలి. ఏ పరీక్ష, ఎంతమంది, ఎవరిని తీసేస్తారు, ఏ లెక్క కడతారు అన్నవి డేటా ముట్టుకోకముందే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, గైడు సంతకంతో విభాగంలో ఇచ్చేయాలి. ఏ ఫలితం వస్తే ‘తేడా లేదు’ అని ఒప్పుకుంటారో కూడా అందులో ఉండాలి. ఆ వాక్యం రాయలేకపోతే ప్రాజెక్టు ఇంకా మొదలుపెట్టే స్థితిలో లేదని నా లెక్క.

నీతి సంగతి ఫారం మీద టిక్కుతో తీరదు. డిగ్రీ మొదటి ఏడాదిలో చాలామందికి 18 నిండవు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్టిలో వాళ్లు పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి తీసుకోవడం మంచిది. 18 దాటినవాళ్లనే తీసుకోవడం సుఖం. వాడకం లెక్కకు స్క్రీన్‌షాట్ అడగకండి. ఆ తెర మీద అప్పుల యాప్ కనిపించవచ్చు, పెళ్లి సంబంధాల యాప్ కనిపించవచ్చు, ఇంట్లో తెలియని ఇంకేదైనా. మొత్తం నిమిషాలు, తీసిన సార్లు, ఈ రెండంకెలు వాళ్లే చూసి రాస్తే చాలు. ఆస్పత్రి నుంచి ఫోను వస్తుందని ఎదురుచూసేవారుంటారు. కారణం అడక్కుండా పంపేయాలి. అంతా అయ్యాక అసలు ఉద్దేశం చెప్పి తీరాలి. ‘నాకు జబ్బుందా మేడమ్?’ అని ఎవరైనా అడిగితే, ఈ పరీక్ష అది చెప్పదని స్పష్టంగా చెప్పి, నిద్రకూ చదువుకూ ఇబ్బందిగా ఉంటే కాలేజీ కౌన్సెలరును కలవమనాలి.

ఇక పరీక్షకుల సంగతి. తేడా రాలేదని రాసిన ప్రాజెక్టుకు వైవాలో మార్కులు తగ్గుతాయన్న భయం పిల్లల్లో బలంగా ఉంది, అది ఊహ కూడా కాదు. పరీక్షకులుగా వెళ్లే మిత్రులు ఇక్కడే ఉన్నారు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. ముందుగా సంతకం పెట్టిన కాగితం చూసి దానికి మార్కులు వేయండి. ఫలితం విద్యార్థి చేతిలో లేదు, డిజైను ఉంది.

ఒక్క విభాగానికి అంతమంది దొరకరు. ఎనిమిది కాలేజీలు కలిసి ఒకే డిజైను, ఒకే సూచనలు, ఒకే ప్రశ్నల సెట్లతో, తలా వందమందితో చేస్తే చిన్న తేడా కూడా దాక్కోవడం కష్టం. ఎవరి విద్యార్థి ప్రాజెక్టు వారిదే, డేటా మాత్రం అందరిదీ. అలాంటి డిజైను ముసాయిదా ఒకటి రాశాను, ప్రతులు వేదిక కింద బల్ల మీద ఉన్నాయి. తెలుగు సూచనలు నాకు ఇంకా తృప్తిగా లేవు. ‘ఫోను బల్ల మీద పెట్టండి’ అన్న వాక్యం దగ్గరే, తెర కిందికి ఉండాలని అనుమానం రాకుండా ఎలా చెప్పాలో తేలలేదు. మీరు చదివి, పెన్సిలుతో మార్చి, ఏ కాలేజీ ఎంతమందిని తేగలదో కింద రాసి ఇస్తే, వచ్చే సెమిస్టరు మొదలయ్యేలోగా ఎథిక్స్ కమిటీకి పంపుతాను.